నిద్ర బాకీ ఎవరు తీర్చాలి?

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు పెద్దలు. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట మాత్రం రాత్రి పూట పడుకునేవారిని చూసి పుట్టి ఉంటుందని నా అనుమానం. రాత్రంతా ఆసుపత్రి వార్డులో నిలబడి, మర్నాడు ఉదయం పదిన్నరకు రేకుల ఇంట్లో చాప పరుచుకునే మనిషిని అడిగి చూడండి. నెత్తిన ఎండకు కాగే రేకు, పక్కింట్లో మిక్సీ, వీధిలో కూరగాయల బండి కేక. ఆ నిద్రకు సుఖం కావాలి. చీకటి కావాలి, చల్లదనం కావాలి, అన్నిటికన్నా ముందు ఇంట్లోవాళ్ల దయ కావాలి.

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లుగా అంకెల మధ్య బతుకుతున్నవాణ్ణి. అంకెలవాడికి నిద్ర సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. నిద్ర కూడా జమాఖర్చుల వ్యవహారమేనని ఈమధ్య నాకు తెలిసివచ్చింది. అది తెలియజెప్పినవారు పెద్ద పెద్ద డాక్టర్లు కారు. మా బరంపురంలో ఆసుపత్రుల్లో ఆయాలుగా, వార్డు బాయ్‌లుగా, నర్సింగ్ అసిస్టెంట్లుగా పనిచేస్తున్న మన తెలుగువాళ్లు. కొందరు తాతల కాలం నుంచి ఈ ఊరివాళ్లే. కొందరు రోజూ ఇచ్ఛాపురం వైపు నుంచి బస్సులోనో, ప్యాసింజరు రైల్లోనో వచ్చి వెళ్లేవాళ్లు. బెంగుళూరులో, చెన్నైలో, ముంబైలో, యానాంలో ఈ పత్రిక చదువుతున్న మీరు కూడా ఒకసారి చుట్టూ చూడండి. మీ ఊరి ఆసుపత్రి వార్డులో అర్ధరాత్రి తెలుగు మాట వినబడితే, అది చాలాసార్లు ఇలాంటివారి నోటినుంచే వస్తుంది.

ఎవరీ మనుషులు?

రెండేళ్ల కిందట మా అమ్మ తుంటి ఎముక విరిగి, ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పదకొండు రాత్రులు ఉంది. ఆ పదకొండు రాత్రులూ మంచం పక్కన బల్ల మీద నేను పడుకున్నాను. పడుకున్నానంటే నడుం వాల్చానన్నమాట. డాక్టరుగారు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చేవారు. సిస్టర్ ఇంజెక్షన్ల వేళకు వచ్చేది. తక్కిన రాత్రంతా మా అమ్మకు దిక్కు ఒక ఆయా.

సిస్టర్ అనగానే మనకు ఒక రూపం కనబడుతుంది. ఆమెకు ఏళ్ల తరబడి చదివిన కోర్సు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పేరు పక్కన అక్షరాలు ఉంటాయి. నర్సింగ్ అసిస్టెంటుకు అవేవీ ఉండవు. కొందరు కొన్ని నెలల శిక్షణ పొందుతారు. చాలామంది వార్డులోనే, పెద్ద ఆయా వెనక తిరిగి పని నేర్చుకుంటారు. మంచం దిగలేనివారికి బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, దుప్పట్లు మార్చడం, జ్వరం చూడటం, రక్తం సీసాలు లాబుకు చేర్చడం, స్ట్రెచర్ తోసుకుంటూ ఎక్స్‌రేకు తీసుకెళ్లడం, ఆక్సిజన్ సిలిండరు దొర్లించుకు రావడం, ప్రాణం పోయినవారిని శుభ్రం చేసి బంధువులకు అప్పగించడం. ఇదంతా వాళ్ల పనే.

వీటిలో ఒక పని గురించి లెక్కవేసి చెబుతాను. కదలలేని రోగిని ఒకే పక్కన ఉంచితే వీపు మీద, పిరుదుల మీద పుండ్లు పడతాయి. అందుకని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మా అమ్మ ఉన్న వార్డులో అలాంటివారు అయిదుగురు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున్న ఎనిమిది దాకా పన్నెండు గంటల డ్యూటీ. ఒక్కొక్కరిని ఆరుసార్లు తిప్పాలి. అంటే ఒక రాత్రికి ముప్పై సార్లు ఒక నిండు మనిషి బరువును ఎత్తి, తిప్పి, దిండు సర్దాలి. మా అమ్మ పుండు పడకుండా ఇంటికి వచ్చిందంటే దాని వెనక ఈ లెక్క ఉంది.

ఒకనాడు తెల్లవారుజామున నాలుగు గంటలకు మెలకువ వచ్చి చూస్తే ఆ ఆయా కిటికీ దగ్గర నిలబడి దుప్పట్లు మడతపెడుతోంది. పక్కనే కుర్చీ ఖాళీగా ఉంది.

‘కాస్సేపు కూర్చోవచ్చు కదమ్మా’ అన్నాను.

‘ఏటి బాబూ, కూకుంటే కన్నంటుకుపోద్ది. అందుకే నిలబడే మడతెడతన్నాను’ అంది.

అప్పటికి ఆమె వరసగా అయిదో రాత్రి డ్యూటీలో ఉంది.

ఒంట్లో ఒక గడియారం

నాలుగు గంటలకే కన్ను ఎందుకంత బరువెక్కుతుంది? దీనికి శాస్త్రం దగ్గర మంచి జవాబు ఉంది. మన మెదడు అడుగుభాగంలో, హైపోథలమస్ అనే చోట, కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసేదానికి కాస్త పైన ఒక చిన్న కణాల గుంపు ఉంది. ఒంటికంతటికీ అదే పెద్ద గడియారం. కంట్లో పడే వెలుగును బట్టి అది తన టైము సరిచేసుకుంటుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను విడుదలకు అనుమతి ఇస్తుంది. తెల్లవారుజామున ఇంచుమించు నాలుగు, అయిదు గంటల మధ్య ఒంటి వేడి అన్నిటికన్నా తక్కువకు దిగుతుంది. మనిషి చురుకుదనం కూడా ఆ వేళకే అడుగంటుతుంది. తర్వాత వేడి మెల్లగా పెరుగుతూ, మధ్యాహ్నానికి ఒళ్లు పూర్తిగా పగటి పనికి సిద్ధమవుతుంది.

ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో ఈగల మీద పరిశోధించి కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైఖేల్ రోస్‌బాష్, మైఖేల్ యంగ్ అనే ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఇప్పుడు మన ఆయా సంగతి చూడండి. గడియారం ‘పడుకో’ అని గట్టిగా చెబుతున్న వేళ ఆమె రోగిని తిప్పుతోంది. ఎనిమిదిన్నరకు ఎండలో బయటికి వస్తే, కంట్లో పడిన వెలుగు ‘తెల్లవారింది, లే’ అని గడియారానికి చెబుతుంది. ఇంటికి చేరి చాప వేసుకునేసరికి ఒంటి వేడి పెరిగే దారిలో ఉంటుంది. ఎంత అలసట ఉన్నా రెండు మూడు గంటలకే మెలకువ వచ్చేస్తుంది. ‘నిద్దరొత్తాది గానీ నిలవదు’ అని నాతో ఒకామె చెప్పిన మాట, పుస్తకాలు చెప్పేదానికి పూర్తిగా సరిపోయింది.

కొన్నాళ్లకు అలవాటు అవుతుంది కదా అని చాలామంది అంటారు. నేనూ అలాగే అడిగాను. రాత్రి పని చేసేవారిలో ఎక్కువమందికి ఈ గడియారం పూర్తిగా తిరగబడదు. ఎందుకంటే ఇంటికి వెళ్లేటప్పుడు రోజూ ఎండ పడుతుంది, సెలవు నాడు వాళ్లు కూడా అందరితో పాటు రాత్రే పడుకుంటారు. సగం తిరిగిన గడియారం మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. వారం వారం ఇదే తంతు.

ఒక ఇంటి నిద్ర పద్దు

నిద్ర బాగుందో లేదో ఎలా కొలవాలి? అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం వైద్యులు 1989లో ఒక ప్రశ్నావళి ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచమంతటా ఆసుపత్రి సిబ్బంది నిద్ర గురించి అడిగేవారు ఎక్కువగా దాన్నే వాడుతున్నారు. అందులో పంతొమ్మిది ప్రశ్నలు. గడచిన నెల రోజుల నిద్రను ఏడు పద్దులుగా చూస్తారు. నిద్ర బాగుందని మనకు అనిపిస్తోందా, పట్టడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని గంటలు పడుకున్నాం, పడక మీద ఉన్న సమయంలో నిజంగా నిద్రపోయింది ఎంత, మధ్యలో ఎన్ని ఆటంకాలు, నిద్రమాత్రలు వాడుతున్నామా, మేలుకున్న వేళ పని సాగుతోందా. ఒక్కో పద్దుకు సున్నా నుంచి మూడు మార్కులు. మొత్తం ఇరవై ఒకటి. ఈ పరీక్షలో మార్కులు ఎక్కువ వస్తే సంతోషించకూడదు. అయిదు దాటితే నిద్ర బాగా లేదని అర్థం.

మా అమ్మను చూసిన ఆయా తర్వాత మా ఇంటికి రాకపోకలు ఉన్న మనిషి అయింది. ఆమె ఒప్పుకుంటే ఒక రోజు నిద్ర లెక్క రాద్దామన్నాను. ఆమె ఇంటర్మీడియట్ చదువుతున్న కూతురిని పిలిచి, ‘మేనేజరు బాబు మన నిద్దర్ని కూడా ఖాతాలో రాత్తారంట’ అని నవ్వింది. ఆ అమ్మాయే టైము చూసి రాసింది.

ఉదయం 8.30కి ఆసుపత్రి గేటు దాటింది. 9.15కి ఇల్లు. స్నానం, రెండు ముద్దల చద్దన్నం, కూర పొయ్యి మీద వేయడం. 10.30కి పడక. 11 గంటలకు నిద్ర పట్టింది. 12.40కి అత్తగారికి అన్నం పెట్టి మాత్రలు ఇవ్వడానికి లేచింది. మళ్లీ 1.15కి కన్ను మూత పడింది. 2.30కి సూపర్‌వైజరు నుంచి ఫోను, రేపు ఇంకొకరి బదులు రాగలవా అని. 3 గంటలకు మళ్లీ కునుకు. 3.50కి వీధి కుళాయికి నీళ్లు. నాలుగు గంటలకు చాప చుట్టేసింది.

కూడితే, ఒక గంట నలభై నిమిషాలు, గంటంపావు, యాభై నిమిషాలు. మొత్తం మూడు గంటల నలభై అయిదు నిమిషాలు. పడక మీద ఉన్నది అయిదున్నర గంటలు. అందులో నిద్ర అరవై ఎనిమిది శాతం. ప్రశ్నావళి ప్రకారం ఎనభై అయిదు శాతం దాటితే మంచి నిద్ర. నిడివి పద్దులో అయితే అయిదు గంటలలోపు పడుకున్నవారికి నేరుగా మూడు మార్కులు, అంటే అన్నిటికన్నా చెడ్డ లెక్క.

పెద్దవాళ్లకు రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. ఏడు గంటల నుంచి మూడు గంటల నలభై అయిదు నిమిషాలు తీసేస్తే రోజుకు మూడుంపావు గంటల బాకీ. వారానికి ఆరు రాత్రులు ఇలాగే గడిస్తే పంతొమ్మిదిన్నర గంటలు. సెలవు రాత్రి ఆమె పది గంటలు పడుకున్నా తీరేది మూడు గంటలే. మిగిలిన పదహారున్నర గంటలు పై వారానికి ముందుకు తీసుకెళ్లాలి. బ్యాంకులో ఇలాంటి ఖాతా కనబడితే మొండి బాకీ అని రాస్తాం. ఒంటికి అలా రాసేసి పక్కన పెట్టే వీలు లేదు.

పైగా ముక్కలైన నిద్రకు విలువ ఇంకా తక్కువ. నిద్ర సుమారు తొంభై నిమిషాల విడతలుగా నడుస్తుంది. గాఢ నిద్ర ఒక దశ, కలల నిద్ర మరో దశ. మధ్యలో లేపితే ఆ విడత తెగిపోతుంది. కూడిక సరిపోయినా సరుకు సరిపోదు.

ఒకే పగలు రెండు ఖర్చులు

‘ఇంత కష్టమైతే పగటి డ్యూటీ అడగరేం?’ అని నేను కలిసిన నలుగురినీ అడిగాను. రాత్రికి ఇచ్చే అదనపు డబ్బు కోసం అని చెబుతారనుకున్నాను. ఒకరు మాత్రమే ఆ మాట చెప్పారు. తక్కిన ముగ్గురిదీ ఒకే జవాబు. పగలు ఇంట్లో ఉండాలి. పిల్లలు బడి నుంచి వస్తారు, అత్తగారు మంచాన ఉంది, నీళ్లు పట్టాలి, రేషన్ తెచ్చుకోవాలి. రాత్రి డ్యూటీ అయితే పగలు ‘ఖాళీ’.

ఈ ‘ఖాళీ’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రాత్రి పనిచేసే మనిషి పగలు అంటే మనం రాత్రి అంటాం చూడండి, అది. దాన్ని ఖాళీ అని ఇంట్లోవాళ్లూ అనుకుంటున్నారు, ఊరూ అనుకుంటోంది, చివరికి ఆమె కూడా అనుకుంటోంది. ఒకే నోటుతో రెండు దుకాణాల్లో బేరం చేసినట్టు, ఒకే పగటిని నిద్రకూ, సంసారానికీ ఖర్చుపెట్టాలి. రెండో దుకాణం వాడు నిలదీసి వసూలు చేసుకుంటాడు. నిద్ర నోరు లేనిది కాబట్టి ఊరుకుంటుంది.

ఊరి సంగతీ అంతే. మా బ్యాంకు తలుపులు తెరిచేది ఆమె పడుకోవలసిన వేళ. రేషన్ డిపో, స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం, ఆధార్ కేంద్రం అన్నీ అప్పుడే. పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి, టోకెన్ పిలిచేలోగా బెంచీ మీద తల వాల్చిన ఆడవాళ్లను మా బ్రాంచిలో చాలాసార్లు చూశాను. ఏ వార్డు నుంచి వస్తున్నారో ఇప్పుడు ఇట్టే పోల్చుకోగలను. వాళ్ల చీర కొంగుకు ఇంకా డెట్టాల్ వాసన ఉంటుంది.

మేమూ ఒకప్పుడు రాత్రి పని చేసినవాళ్లమే. కంప్యూటర్లు రాకముందు మార్చి 31 రాత్రి లెడ్జర్లు టాలీ చేస్తూ తెల్లవారేదాకా కూర్చునేవాళ్లం. మర్నాడు ఇంటికి వెళితే మా ఆవిడ పిల్లల్ని మేనమామ ఇంటికి పంపి, కిటికీలు మూసి, ‘ఆయన రాత్రంతా పనిచేసి వచ్చారు’ అని వీధిలో అందరికీ చెప్పేది. మాకు అది ఏడాదికి ఒక్క రాత్రి. వీళ్లకు నెలకు పదిహేను, ఇరవై రాత్రులు.

ఈ బాకీకి వడ్డీ

బాకీ అన్నాక వడ్డీ ఉంటుంది. ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు 1997లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. వరసగా పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చెయ్యి, కన్ను పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా ఉందట. ఇరవై నాలుగు గంటలు దాటితే 0.10 శాతంతో సమానం. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం అనుమతించే పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. తాగి బండి నడిపితే పోలీసు పట్టుకుంటాడు. రెండు డ్యూటీలు కలిపి చేసి, స్కూటరు మీద హైవే ఎక్కే వార్డు బాయ్‌ని ఎవరూ ఆపరు. ‘రెడ్ సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టి నిద్రపోయాను సార్, వెనక లారీ హారన్ కొడితే మెలకువ వచ్చింది’ అని ఒక కుర్రాడు నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఒంటికి పడే వడ్డీ ఇంకొకటి. ఏళ్ల తరబడి షిఫ్టుల్లో పనిచేసేవారిలో మధుమేహం, గుండెజబ్బు ఎక్కువగా కనిపిస్తున్నాయని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో గడియారాన్ని తారుమారు చేసే షిఫ్టు పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే కోవలో చేర్చింది. 2019లో మళ్లీ పరిశీలించి రాత్రి షిఫ్టు పనిని అదే కోవలో ఉంచింది. రాత్రి పనిచేసిన ప్రతివారికీ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. తేలిగ్గా తీసుకోవలసిన విషయం కాదని మాత్రమే అర్థం.

నేను కలిసినవారిలో పెద్దామెకు షుగరు ఉంది. రాత్రి రెండింటికి తినే అన్నం ఏ పూట కింద లెక్క, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి అన్నది ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీటీ మీద ‘ఉదయం – రాత్రి’ అని ఉంది. ఆమె ఉదయం అంటే ఏది? ఇలాంటివారు మీ ఎరుకలో ఉంటే, డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘నేను రాత్రి డ్యూటీ చేస్తాను’ అన్న మాట ముందుగా చెప్పమనండి. ఆ ఒక్క మాటతో చీటీ మారవచ్చు.

ఇక మన స్వార్థం చూసుకున్నా, ఆ మనిషి మెలకువ మీద మనవాళ్ల ప్రాణం ఆధారపడి ఉంది. రోగి ఊపిరి తీరు మారిందని, సెలైన్ ఆగిపోయిందని, మంచం మీద నుంచి జారబోతున్నాడని అందరికన్నా ముందు చూసేది ఆమే.

ఊర్మిళ లేని ఇళ్లు

మన ఆడవాళ్ల రామాయణం పాటల్లో ‘ఊర్మిళాదేవి నిద్ర’ ఒకటి. మా నాయనమ్మ పాడేది. అడవిలో అన్నావదినలకు కాపలా కాసే లక్ష్మణుడు పద్నాలుగేళ్లు రెప్ప వేయలేదు. అతని నిద్రను కూడా ఊర్మిళే తీసుకుని, అన్నేళ్లూ అంతఃపురంలో పడుకుంది. సేవ చేసేవాడి నిద్ర ఎక్కడికో పోదు, ఇంకెవరో దాన్ని మోయాలి అన్న ఊహ ఆ కథలో ఉంది. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు బదిలీ.

నిజజీవితంలో ఆ బదిలీ కుదరదు. ఎవరి నిద్ర వాళ్లే పోవాలి. కాని పని బదిలీ అవుతుంది. నీళ్లు ఇంకొకరు పట్టవచ్చు. అన్నం ఇంకొకరు పెట్టవచ్చు. కథలో కాపలా కాసింది మగవాడు, ఇంట్లో ఊర్మిళ ఉంది. మా ఊరి వార్డుల్లో కాపలా కాసేది ఆడమనిషి, ఇంటికి వస్తే ఆమె కోసమే పని కాచుకుని ఉంది.

చేయగలిగినవి

ఆసుపత్రులు చేయగలిగినవి ముందు చెబుతాను. డ్యూటీ చార్టు నెల ముందే గోడకు అంటించాలి. షిఫ్టులు మార్చేటప్పుడు ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి ముందుకు జరపాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. ఒళ్లు ముందుకు జరగడాన్ని కాస్త సులువుగా ఓర్చుకుంటుందని 1982లోనే అమెరికాలో ఒక కర్మాగారంలో చూపించారు. వరస రాత్రులు తగ్గించాలి. మధ్యరాత్రి వంతులవారీగా ఇరవై, ముప్పై నిమిషాలు కునుకు తీయడానికి అనుమతి, ఒక గది, ఒక మంచం ఇవ్వాలి. ఇది దయాధర్మం కాదు. కాంట్రాక్టు కార్మికుల కోసం 1970లో చేసిన చట్టంలోనే, రాత్రి ఆగవలసి వచ్చే చోట విశ్రాంతి గది ఉండాలని రాశారు. ఆ చట్టం 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం కోడ్‌లో కలిసిపోయింది. గది అవసరం మాత్రం ఎక్కడికీ పోలేదు.

పనిచేసేవారు చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. తెల్లవారుజామున టీ మానాలి. టీ, కాఫీల్లోని కెఫీన్‌లో సగం దాదాపు అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. తాగాలనిపిస్తే డ్యూటీ మొదట్లో తాగాలి. ఇంటికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోవాలి, సొంతంగా బండి నడిపేవారు మాత్రం మగత వచ్చేట్టుంటే అద్దాలూ వద్దు, బండీ వద్దు, బస్సు ఎక్కాలి. కిటికీకి ముదురు రంగు దుప్పటి కట్టుకోవాలి. సెలవు నాడు కూడా ఉదయం కొన్ని గంటలు అదే వేళకు పడుకుంటే గడియారం మరీ తారుమారు కాదు. డాక్టరును అడగకుండా నిద్రమాత్రలు కొనవద్దు. గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా మగత తీరనివారు తప్పక చూపించుకోవాలి. అది డ్యూటీ వల్ల వచ్చింది కాకపోవచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ చేయగలిగింది ఇల్లు. మన ఆయా ఇంట్లో ఆ నిద్ర పద్దు రాసిన కాగితాన్ని కూతురు గోడకు అంటించింది. దాన్ని చూసి ఆటో నడుపుకునే తండ్రి మొదట మాట్లాడలేదట. తర్వాత వాళ్లే పని పంచుకున్నారు. అత్తగారి అన్నం, మాత్రలు కూతురు కాలేజీకి వెళ్లేముందే క్యారియరులో సర్ది మంచం పక్కన పెడుతుంది. తల్లి పడుకున్నంతసేపు ఫోను తండ్రి దగ్గర ఉంటుంది. నాలుగింటి నీళ్లు కొడుకు పడతాడు. మొదటి వారం వాడు రెండుసార్లు మరిచిపోయాడు, ఇల్లంతా నీళ్లు లేక తంటాలు పడింది. అయినా అమ్మను లేపలేదు. ఇప్పుడు ఆమె రోజుకు అయిదుంపావు గంటలు పడుకుంటోంది. అంటే ఆరు రోజులకు తొమ్మిది గంటలు కొత్తగా జమ. బాకీ పూర్తిగా తీరలేదు. ‘పొద్దుటేల బస్సెక్కినపుడు దిగాల్సిన స్టాపు దాటిపోడం మానీసాను బాబూ’ అని మాత్రం చెప్పింది.

మన సంఘానికో మాట

దేశంలో 2000 సంవత్సరం నుంచి శబ్ద కాలుష్య నియమాలు ఉన్నాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకులు కూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రి చుట్టూ నూరు మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. మంచి నియమాలే. అయితే రాత్రి పడుకునేవారినీ, ఆసుపత్రి లోపల పడుకునేవారినీ తలచుకున్న చట్టం, ఆ ఆసుపత్రిలో రాత్రి పనిచేసి పగలు ఇంట్లో పడుకునేవారిని తలచుకోలేదు. అది మనబోటివాళ్లు తలచుకోవాలి.

ఉగాదికీ, శ్రీరామనవమికీ, వినాయక చవితికీ మన సంఘాలు పందిళ్లు వేస్తాయి. మా ఊళ్లో రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర నెల పొడుగునా సాగుతుంది. పండుగలు మానమని నేను అనను. పందిరి వేసే వీధిలో రాత్రి డ్యూటీవాళ్లు ఎవరున్నారో ముందు కనుక్కుందాం. ఉదయం పది నుంచి మధ్యాహ్నం మూడు దాకా పెట్టెల మూతి వాళ్ల ఇళ్ల వైపు తిప్పకుండా చూద్దాం. దీనికి తీర్మానం అక్కర్లేదు, మైకు సెట్టు కుర్రాడికి ఒక మాట చెబితే చాలు.

ఇంట్లో ఎవరైనా ఆసుపత్రిలో ఉండి, నయమై ఇంటికి వచ్చేటప్పుడు మనం డాక్టరుగారికి స్వీటు పెట్టె ఇస్తాం, సిస్టర్లకు దండం పెడతాం. ఆయా చేతిలో ఒక నోటు పెడతాం. ఈసారి ఆ నోటుతో పాటు ‘నీకు పగలు పడుకోవడానికి వీలవుతోందా అమ్మా?’ అని ఒకసారి అడిగి చూడండి. నేను అడిగిన నలుగురూ ఆ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదనే చెప్పారు. మీ ఊళ్లో వాళ్లేం చెబుతారో రాసి పంపితే, పై సంచికలో అందరం చదువుకోవచ్చు. మీ వీధిలో మన సంఘం చేయగలిగింది ఏమైనా ఉంటే అది కూడా అందులో రాయండి.